నీళ్ళు కారని తొట్టి

కింద నిలబెట్టిన ఎవరి కారు మీదో మా కిటికీలోని మందారం కుండీ నీళ్ళు కారుతున్నాయట. ఆ కారు గలవాళ్ళు నాతో చెప్పలేదు. వాచ్‌మన్‌కు చెప్పారు, వాచ్‌మన్ ఇంటర్‌కమ్‌లో నాకు చెప్పాడు. కుండీ కింద ప్లేటు పెట్టుకోండి ఆంటీ, అన్నాడు. పెట్టాను. మోకాళ్ళు అరిగిన మనిషిని, కార్లతో కొట్లాడే ఓపిక నాకెక్కడిది.

అప్పటినుంచి మొక్క డీలా పడింది. అడుగు ఆకులు పసుపుపచ్చగా మారాయి. మొగ్గలు గోరంత ఉన్నప్పుడే తొడిమతో సహా ఊడి రాలుతున్నాయి. మందారానికి మందు చెప్పనివాళ్ళు లేరు. మొక్కల బండివాడు ఎరువు అన్నాడు. మా కోడలు ఫోనులో చూసి అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళంది. ఎదురింటావిడ నీళ్ళు చాలడం లేదేమో అంటే, ఆమె మాట తీసేయడం ఎందుకని ఇంకో చెంబు పోశాను. నిన్న సాయంత్రం కిటికీ గ్రిల్ పట్టుకుని వంగి, మట్టిలో వేలు గుచ్చి చూశాను. వేలు బయటికి తీసేసరికి ఒక వాసన వచ్చింది. నిలిచి నిలిచి మురిగిన నీళ్ళ వాసన, కుళ్ళిన వేరు వాసన. ముక్కు దగ్గరికి తెచ్చిన వేలు అక్కడే ఆగిపోయింది. ఆ వాసన నాకు తెలుసు. ఒకప్పుడు మా అవ్వ చేతికి వచ్చింది.

మాది బొంబాయి కామాటిపురలో ఒక చాల్. పొడుగాటి గ్యాలరీ, దాని వెంట రైలు డబ్బాల్లాగా గదులు. గదికి ఒక కుటుంబం, కుటుంబానికి ఒక పొయ్యి, అంతస్తు మొత్తానికి ఒక నల్లా. పొద్దున నల్లా వచ్చే వేళకు మనుషులకన్నా ముందే బాల్దీలు లేచి వరసలో నిలబడేవి. గ్యాలరీలో ఒకసారి అటూ ఇటూ నడిస్తే ఎవరింట్లో ఏం ఉడుకుతోందో ముక్కే చెప్పేది. మా గదిలో జొన్నరొట్టె మాడిన వాసన, పక్క గదిలో ఎండురొయ్యలు, ఆ చివర కిరసనాయిల్ స్టవ్ మీద పుంటికూర. దాసాని, పుంటికూర అక్కచెల్లెండ్లని మా అవ్వ అనేది. ఒకతి దేవుడి నెత్తి మీదికి పోయిందట, ఒకతి కూరకుండలోకి పోయిందట, అత్తగారిల్లు బట్టి బతుకట. పుంటికూర అంటే గోంగూర, దాసాని అంటే మందారమే. అవ్వ నోట మందారం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. ఆ మాట నాకు మునిసిపాలిటీ తెలుగు బడిలో, పుస్తకంలో దొరికింది.

మావాళ్ళు ఈ నగరం కట్టడానికి పాలమూరు నుంచి వచ్చారు. కట్టింది మేము, కట్టుకున్నది వేరేవాళ్ళు. మా తాత మేస్త్రీ. మిద్దెల మీదా, నీళ్ళ ట్యాంకుల లోపలా గచ్చు వేయడంలో ఆయనకు పేరుండేది. తాత వేసిన గచ్చులోంచి ఒక్క చుక్క కిందికి దిగదని వర్లిలో ఉండే మా చుట్టాలు కూడా చెప్పుకునేవారు. అవ్వ మాత్రం, "గీనెది ముక్కు తప్ప ఇంకేదీ కారదు" అనేది. తాతకు నశ్యం అలవాటు.

ఒక వానాకాలం చివర అవ్వ తమ్ముడు, మా చిన్నతాత, సంచి భుజాన వేసుకుని మా గది ముందుకొచ్చి నిలబడ్డాడు. అవ్వ పుట్టిన ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. డ్యాము కట్టి నీళ్ళు ఆపితే ఆ ఊరు మునిగింది. చిన్నతాత పని వెతుక్కుంటూ బొంబాయి బస్సెక్కాడు. అవ్వ రొట్టెలు కొడుతూనే అన్నీ విన్నది.

"దర్వాజలు, దూలాలు ఊడబీక్కోని పోయినం అక్కా. గోడలు ఎట్ల మోస్తం," అన్నాడు చిన్నతాత.

"వాకిట్ల దాసానో?"

"గదొక్కటే నిలబడ్డది. నీళ్ళొచ్చినంక పడవల పోయి సూసినం. కొన కనవడుతుండె. గిప్పుడు గదీ లేదు. పూలు చేపలు తెంపుకుంటున్నయేమో."

అవ్వ నవ్వలేదు. రొట్టె పెనం మీద వేసి అడిగింది. "ఊరెట్లున్నదిరా?"

"ఏమున్నది అక్కా. నీళ్ళు. వాసనొకటి. గోడలు, పేడకుప్పలు, ఏర్లు, అన్నీ మురుగుతున్నయి. గా వాసన నాలుక మీదికి గూడ ఒచ్చింది. రొండు దినాలు బువ్వ పోలే నాకు."

తరవాత సంచిలోంచి తడి గోనెపట్టా మూట తీశాడు. అందులో చిటికెనవేలంత లావు కొమ్మ ఒకటి ఉంది. పడవలోంచి చెయ్యి చాచి, నీళ్ళ మీద మిగిలిన కొనను కోసుకొచ్చాడట. అవ్వ ఆ కొమ్మను చీరకొంగుతో తుడిచిన తీరు, కొత్తగా పుట్టిన పిల్లను తుడిచినట్టే ఉంది. పెనం మీద రొట్టె మాడింది. ఆ రోజు మాడిన రొట్టె గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అవ్వ కొమ్మకున్న ఆకులన్నీ తుంచి, కొసన మాత్రం ఒకటి రెండు ఉంచింది. అడుగు మొనను కొడవలితో ఏటవాలుగా కోసింది. నూనె డబ్బా అడుగున మేకుతో కన్నాలు కొట్టించింది. మట్టి మాత్రం తాత పనిచేసే సైటు పునాదుల్లోంచి వచ్చింది. దానిలో ఇసక కలిపి, కొమ్మ గుచ్చి, ఎండ తగలని మూల పెట్టింది. నీళ్ళు పోసేది కాదు, చేత్తో చిలకరించేది. నేను చెంబు పట్టుకుని వస్తే కసిరేది.

"దూపైతే గదే అడుగుతది. మనం ఎగవడి తాపొద్దు."

"చెట్టు ఎట్ల అడుగుతది అవ్వా?"

"తల వాలుస్తది. నీ లెక్క నోరు వెట్టుకోని అరుస్తదా?"

కొమ్మ చిగురు వేసింది. తరవాతి ఏటికి పూసింది. ఎర్రటి, ఒంటి రేకుల నాటు మందారం. అందులో విశేషమేమీ లేదు, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేంత పువ్వు కాదు. అవ్వ మాత్రం ఆ పొద్దున గడపలో చాలాసేపు కూర్చుంది.

మా గది కింద, కింది అంతస్తులో ఒక మరాఠీ పిన్ని ఉండేది, వాళ్ళ భాషలో కాకు అనేవాళ్ళం. మా డబ్బా కన్నాల్లోంచి కారిన నీళ్ళు సరిగ్గా ఆమె ఆరేసిన చీర మీద పడేవి. ఆమె తల బయటికి పెట్టి పైకి చూసి మరాఠీలో అరిచేది, "ఆజీ, మీ జాస్వంద్ నా చీర మీద స్నానం చేస్తోంది" అని. ఆజీ అంటే అవ్వ, జాస్వంద్ అంటే మందారం. అవ్వ కూడా వంగి తెలుగూ మరాఠీ కలిపి జవాబు చెప్పేది. "చెట్టు తానం జేసిన నీళ్ళు గంగనే కాకూ. పుణ్యం, ఉంచుకో." ఆ తగాదా ఒక పువ్వుతో తెగింది. కాకు ఇంట్లో గోడకు గణపతి పటం ఉండేది, ఆ దేవుడికి ఎర్ర జాస్వంద్ అంటే ప్రాణం. రోజూ పొద్దున అవ్వ ఒక డబ్బాకు తాడు కట్టి అందులో పువ్వు పెట్టి కిందికి దించేది. పండగలకు అదే డబ్బాలో బొబ్బట్ల లాంటి పూరన్ పోళీ పైకి వచ్చేది. అరుపులు మాత్రం ఆగలేదు. పువ్వు తీసుకుంటూ కూడా చీర గురించి అరిచేది. అరవని రోజున, ఒంట్లో బాగలేదేమో చూసి రమ్మని అవ్వ నన్ను కిందికి పంపేది.

పిల్లలకు ఆ చెట్టుతో వేరే పనులుండేవి. పువ్వు అడుగుభాగం చీల్చి ముక్కుకు అంటించుకుని కోడిపుంజుల్లా కూసేవాళ్ళం. మందారం రేకులతో రుద్దితే నల్లబూట్లు తళతళా మెరుస్తాయని ఎవరో చెప్పారు. గణపతికి పోవాల్సిన పువ్వును నేను కాళ్ళకు పెట్టాను. బూట్లు నిజంగానే మెరిశాయి. "దేవుని కన్నా నీ కాళ్ళకే ఎక్కువ మొక్కినవు, ఇగ ఆ కాళ్ళతోనే నడువు," అని అవ్వ ఆ వారమంతా నల్లా దగ్గర బాల్దీల కాపలాకు నన్నే పంపింది. ఆకులు నూరి నా తలకు పట్టించేది కూడా ఆమే. ఆ జుట్టుకు ఇప్పుడు ఆకురాలు కాలం నడుస్తోంది, చిగురించే ఆలోచన ఉన్నట్టు లేదు.

కొన్నాళ్ళకు నూనె డబ్బా తుప్పుపట్టి అడుగు ఊడొచ్చింది. తాతకు అది నామోషీ అనిపించింది.

"నేనుండంగ నా ఇంటి చెట్టు తుప్పు డబ్బాల ఉంటదా?"

మా గదిని ఆనుకుని, గ్యాలరీ చివర, మెట్ల పక్కన రాయి పరిచిన మూల ఉండేది. ఒక ఆదివారం అక్కడ ఇటికలతో తొట్టి కట్టాడు. బయటా లోపలా సిమెంటు పూసి, తాపీతో రుద్ది రుద్ది నున్నగా గచ్చు చేశాడు. ఆ పని చూడ్డానికి గ్యాలరీ అంతా వచ్చింది. కట్టాక, ట్యాంకులకు చేసినట్టే, నిండా నీళ్ళు పోసి బొగ్గుతో గీత గీసి ఒక రాత్రి వదిలేశాడు. పొద్దున చూస్తే నీళ్ళు గీత మీదే ఉన్నాయి. తాత నశ్యం పీల్చి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ చూశాడు. అందరూ మెచ్చుకున్నారు. కింద కాకు కూడా తాతతో, "ఆజోబా, ఇప్పటికి నా చీర బతికింది" అంది. చెట్టును మట్టితో సహా అందులోకి మార్చారు.

తొట్టి వచ్చాక ఆ చెట్టు మా ఒక్కరిది కాకుండా పోయింది. అటు పోతూ ఒకరు బియ్యం కడిగిన నీళ్ళు పోసేవారు, ఇటు వస్తూ ఒకరు చేపలు కడిగినవి పోసేవారు. ఒకరు టీ పొడి వేస్తే ఒకరు గంజి వంచేవారు. నల్లా దగ్గర చెంబెడు నీళ్ళకు జుట్లు పట్టుకునే ఆడవాళ్ళు, అదే చేత్తో తెచ్చి చెట్టుకు పోసేవాళ్ళు. అవ్వ పగలంతా అమ్మతో కలిసి పనికి పోయేది, ఆమెకు ఇదంతా తెలియదు. సాయంత్రం వచ్చి పైమట్టి చూస్తే ఎండినట్టే కనిపించేది. ఆమె వంతు ఆమె చిలకరించేది.

వానలు మొదలయ్యాక ఆకులు పసుపుపచ్చగా మారాయి. కొమ్మల సందుల్లో దూది అంటించినట్టు తెల్లపురుగు పట్టింది. దిష్టి అని అవ్వ నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. చిన్నతాత తను నమిలే పొగాకును నానబెట్టి ఆ నీళ్ళు చల్లాడు. అమ్మ సబ్బునీళ్ళలో గుడ్డ ముంచి కొమ్మకొమ్మా తుడిచింది. పురుగు పోయింది. ఆకులు రాలడం మాత్రం ఆగలేదు. మొగ్గ పడితే పడినట్టే రాలేది. పొయ్యి బూడిద వేశారు, గుడ్డుపెంకులు దంచి వేశారు. ఏమేసినా దాని మీద నీళ్ళు పోశారు.

గణపతి పండగ దగ్గరపడుతోంది. కాకు కింద నుంచి రోజూ అడిగేది, జాస్వంద్ ఉందా ఆజీ, అని. అవ్వ లేదని చెయ్యి ఊపేది. తాడు కట్టిన డబ్బా గోడకు వేలాడుతూ ఉండిపోయింది.

ఒకరోజు అమ్మ అంది, "పోనీ తియ్యి అత్తమ్మా. ఇంకో కొమ్మ తెచ్చి పెడదాం. దాసాని ఏడ దొర్కదు?"

అవ్వ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది. "దొర్కుతది. ఇది పోతే ఇగ నాకు పుట్టినూరని సూపెట్టనీకి ఏం లేదు. గంతే."



ఆ ఆదివారం వాన కాస్త తెరిపి ఇచ్చింది. అవ్వ తొట్టి ముందు గొంతుక్కూర్చుని, మొదలు పక్కన మట్టిని వేళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. చెయ్యి లోపలికి, ఇంకా లోపలికి పోయింది. మోచెయ్యి దాకా దిగాక ఆగింది. చెయ్యి బయటికి తీస్తే నల్లటి బురద కారుతోంది. వాసన చూసుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్న తమ్ముడి ముందు ఆ చెయ్యి చాపింది.

చిన్నతాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. "గదే అక్కా," అన్నాడు. "మన ఊరి వాసన."

తాత గడపలో కూర్చుని రొట్టె తింటున్నాడు. అవ్వ ఆయన వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకు తేలికయ్యేదేమో.

"నీళ్ళు పోనీకి తొవ్వ పెట్టినవా, అయ్యా?"

తాత నమలడం ఆపాడు.

"వయసుల ఉన్నప్పుడు ఎన్ని డ్యాములకు మట్టి మోసినవో. గీ చెట్టుకు గూడ ఒకటి కడ్తివి."

కన్నం లేకుండా కట్టడమే ఆయనకు వచ్చిన విద్య. మా అందరికీ తిండి పెట్టిందీ అదే. అడుగున కన్నం ఉండాలన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఆయన్ను మెచ్చుకున్న మాకెవరికీ రాలేదు.

తాత చెయ్యి కడుక్కుని సుత్తె, ఉలి తెచ్చుకున్నాడు. తొట్టి అడుగున, బయటి గోడ మీద ఉలి ఆనించి కాసేపు అట్లాగే కూర్చున్నాడు. అరచేత్తో ఆ గచ్చును ఒకసారి తడిమాడు. తరవాత కొట్టాడు. ఉలి జారింది. మళ్ళీ కొట్టాడు. చిన్న పెచ్చు లేచింది, అంతే. అంత గట్టిగా కట్టాడు. చుట్టూ చేరినవాళ్ళలో పక్కగది మామ అన్నాడు, "మేస్త్రీ, జర దొంగపని చేసుంటే ఇప్పటికే పలుగుతుండె." ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తాత మాత్రం నవ్వాడు. చెమటలోంచి, సగం పళ్ళు ఊడిన నోటితో. "అది రాకపాయె కద నాకు," అన్నాడు. చిన్నతాత వచ్చి ఉలి పట్టుకుంటే, ఇద్దరూ కలిసి కొట్టారు.

ఇటిక పగిలింది. ముందు చప్పుడొచ్చింది, తరవాత వాసనొచ్చింది. నల్లటి నీళ్ళు గ్యాలరీ అంచు దాటి కిందికి దూకాయి. కింద కాకు చీరలు ఆరేసి ఉన్నాయి. అలవాటు ప్రకారం ఆమె అరుపు వినిపించింది. తల బయటికి పెట్టి పైకి చూసింది. సుత్తె పట్టుకున్న తాతనూ, మోచెయ్యి దాకా బురదైన అవ్వనూ చూసింది. నల్లబడ్డ చీరను తీగ మీదినుంచి లాగి భుజాన వేసుకుంది.

"వాహూ దే, ఆజీ," అంది. పారనీ, అని.

చెట్టును పెకిలిస్తే వేర్లు నల్లటి తడిదారాల్లా ఉన్నాయి, లాగితే తోలు ఊడొచ్చింది. అవ్వ ఒక్కో కొమ్మను గోటితో గీకి చూసింది. గీకిన చోట గోధుమరంగు వస్తే విరిచి పారేసింది. పారేసిన కుప్ప పెద్దదవుతూ పోయింది. చివరికి ఒక కొమ్మ దగ్గర గోరు కింద పచ్చదనం కనిపించింది. అవ్వ మళ్ళీ గీకలేదు, గీకితే అదీ పోతుందేమోనన్నట్టు. దాన్ని ఏటవాలుగా కోసింది. మళ్ళీ నూనె డబ్బా, మళ్ళీ మేకు. ఈసారి కన్నాలు తాతే కొట్టాడు. అవసరానికన్నా ఎక్కువే కొట్టాడు.

ఆ ఏడు గణపతికి కాకు పువ్వులు బజారులో తెచ్చుకుంది. దేవుడేమీ అలగలేదని మెట్ల దగ్గర అవ్వకు చెప్పింది. ఆ ఏడంతా ఎవరూ చెట్టుకు ఏమీ పోయలేదు. దాని పక్కనుంచి పోయేటప్పుడు ఆడవాళ్ళు చెంబు అటు చేతిలోంచి ఇటు చేతిలోకి మార్చుకునేవాళ్ళు. డబ్బాలో కొమ్మ చాలాకాలం అట్లాగే నిలబడింది, చావకుండా, చిగురించకుండా. అవ్వ దాన్ని చూడనట్టే తిరిగేది. చలి తగ్గాక ఒక పొద్దున కణుపు దగ్గర మిరపగింజంత చిగురు కనిపించింది. అవ్వ నన్ను పిలిచి చూపించింది. "నోరు మూసుకో, ఎవలికీ చెప్పకు, మళ్ళ తాపుతరు," అంది.

వేళ్ళూనాక దాన్ని మళ్ళీ తొట్టిలోకే మార్చారు. ఆ కన్నం అంచులను తాత సిమెంటుతో సరిచేయలేదు. లోపల ఒక పెంకుముక్క అడ్డం పెట్టాడు, మట్టి పోకుండా. నున్నటి గచ్చు మధ్య ఆ పగులు పగులుగానే ఉండిపోయింది. కొత్తగా ఎవరైనా వచ్చి, గిదేంది మేస్త్రీ, అనడిగితే, "గదే నా పనిల అన్నిటికన్న మంచిగొచ్చింది," అనేవాడు. మొదటి పువ్వును అవ్వ తాడు డబ్బాలో పెట్టి కిందికి దించింది. తొట్టి మళ్ళీ కారింది, కాకు మళ్ళీ అరిచింది. ఆ రోజు అవ్వ రొట్టె మీద కారం కాస్త ఎక్కువే వేసుకుని తిన్నది.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. కాకు కుటుంబం దూరంగా ఎక్కడికో వెళ్ళిపోయింది. నా ఈడువాళ్ళు ఒకరికొకరు ఎదురైతే హిందీలో పలకరించుకుంటారు. వాళ్ళ పిల్లలకు పుంటికూర పేరు తెలియదు. చాల్ పాతబడి ఖాళీ చేయించినప్పుడు సామాన్లు టెంపోల్లో వెళ్ళాయి, చెట్టు వెళ్ళలేదు. ఎవరో కొమ్మలు కోసుకున్నారని విన్నాను. వాటిలో ఏదైనా బతికిందో లేదో తెలియదు. కోసుకున్నవాళ్ళు కన్నాలు కొట్టారో లేదో కూడా తెలియదు. చాల్ కూలగొట్టేటప్పుడు ఆ తొట్టి మాత్రం కూలీలను బాగా సతాయించిందట. ఆ మాట విని నాకు సంతోషం కలిగింది. ఎందుకు కలిగిందని అడిగితే చెప్పలేను.

ఈ కిటికీలోది బండి మీద కొన్నది. పెద్ద పెద్ద రేకులు, దాని పేరు నాకు నోరు తిరగదు. దీని కోసం ఎవరూ పడవెక్కలేదు. అయినా మొక్క మొక్కే, దాని అడుగున నీళ్ళు నిలిస్తే దానికీ అదే వాసన.

పొద్దున లేచి, గ్రిల్ పట్టుకుని మెల్లగా కూర్చుని, కుండీ కింది ప్లేటు లాగేశాను. అడుగు కన్నంలో మట్టి గట్టిపడి ఉంది. తలలోంచి పిన్ను తీసి పొడిచాను. ఈమధ్య నా తలలో జుట్టుకన్నా పిన్నులే ఎక్కువ. మొదట ఏమీ రాలేదు. తరవాత ఒక చుక్క, ఆ తరవాత నల్లటి ధార గ్రిల్ సందులోంచి కిందికి పడింది.

లేవడం బద్ధకమై అక్కడే కూర్చున్నాను. కింద నుంచి ఎవరైనా తల బయటికి పెట్టి పైకి చూసి అరుస్తారేమోనని చాలాసేపు చూశాను. ఎవరూ అరవలేదు.

లోపల ఇంటర్‌కమ్ మోగింది.